పొత్తిగుడ్డల పెట్టె

"ఇంట్లో ఎలకలూ అవీ ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేవండి" అన్నాను.

ఆవిడ ప్రశ్న పూర్తికాకముందే అన్నాను. దుకాణంలో పెరిగినదాన్ని. పప్పులో పురుగుందా అంటే లేదు, బెల్లం పాతదా అంటే నిన్న వచ్చిందే, కొబ్బరికాయ కుళ్ళుతుందా అంటే కుళ్ళితే వెనక్కి తెచ్చెయ్. ఈ జవాబులు ఆలోచించి చెప్పేవి కావు, తుమ్ములా వచ్చేవి. సింహాచలం కొండ కింద మా నాన్నది కిరాణా కొట్టు, పక్కనే పెదనాన్నది పూజసామాన్ల కొట్టు, ఎదురుగా చిన్నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. తూకం రాళ్ళ మధ్య పాకడం నేర్చుకున్నాను. నా నోట్లోంచి ముందు "లేదు" ఆటో ఎక్కి వచ్చేస్తుంది, నిజం తర్వాత ఎప్పుడో సిటీ బస్సులో వస్తుంది.

డాక్టరమ్మ ఊరికే అడగలేదు. మా అమ్మాయికి ఎనిమిదో నెల నిండకుండానే కాన్పయింది. ఆడపిల్ల. రెండు అరచేతులు దగ్గర పెడితే సరిపోయేంత. మూడు వారాలుగా ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంది. ఆ సోమవారం డాక్టరమ్మ వరండాలోకి వచ్చి, పాప బరువు పుంజుకుంటోందనీ, వచ్చే శుక్రవారం కాక ఆ పై శుక్రవారం ఇంటికి పంపిస్తామనీ చెప్పింది. "కానీ ఇల్లు శుభ్రంగా ఉండాలి. దుమ్ము వద్దు, పొగ వద్దు. నెలలు నిండని పిల్లలు. పెద్దవాళ్ళకి జలుబుతో పోయేది వీళ్ళకి ఊపిరి మీదకి వస్తుంది" అంది. ఆ తర్వాతే ఎలకల మాట అడిగింది.

మా ఇంట్లో ఎలకలున్నాయని అప్పటికి నాలుగు రోజులుగా నాకు తెలుసు.

కూర్మన్నపాలెంలో మాది రెండు గదులూ వంటిల్లూ ఉన్న కింది వాటా. మా ఆయన స్టీల్ ప్లాంటులో ఫిట్టరు, గోదావరి జిల్లా మనిషి. అమ్మాయికి నొప్పులొచ్చి ఆసుపత్రికి పరిగెత్తిన రోజు నుంచి మా ఇంటికి తాళమే. నేను పగలంతా వరండాలో, ఆయన షిఫ్టులో. ఇంటికొచ్చేది స్నానం చేసి, ఇంత వండి క్యారేజీ కట్టుకోవడానికే. అదే సమయంలో మా వీధిలో కాలవ తవ్వి అలాగే వదిలేశారు. అక్కడి ఎలకలకి ఇల్లు పోయింది, మా ఇల్లు ఖాళీగా కనబడింది. అడ్వాన్సు ఇవ్వకుండా దిగిపోయాయి.

మొదట నా కంటబడింది బియ్యం డబ్బా మూత మీద నల్లటి గింజలు. ఏదో దినుసు ఒలికిందనుకున్నాను. కిరాణా కొట్టు కూతురికి వాసన చూసి సరుకు గుర్తుపట్టడం గొప్ప. రెండు వేళ్ళతో తీసి ముక్కు దాకా తెచ్చుకున్నాను. ఎలక పెంటికలు. ఈ సంగతి ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు.

డాక్టరమ్మ అడిగిన మర్నాడు, మంగళవారం, ఎలకల మందు పెట్టే అతన్ని పిలిపించాను. సన్నగా, చురుగ్గా ఉన్నాడు. చేతిలో టార్చిలైటు. వంటగట్టు కింద, సింకు గొట్టం దగ్గర, అటక మీద వెలుగు వేసి చూసి, మోకాళ్ళు దులుపుకున్నాడు.

"ఓలమ్మ! ఇది ఒకటి రెండు ఎలకల పని కాదక్కా. కాపరాలెట్టీసాయి."

"ఏటి సెయ్యాలి మరి?"

"ముందు కన్నాలు మూయాలి. బోన్లెట్టి పట్టాలి. పట్టినాక ఇల్లంతా బిలీచింగు నీల్లతో తడిపి కడగాలి. వారం పోయినాక నాను మల్లీ వచ్చి సూడాలి."

అతను చెప్పిన పనుల్లో ఒక్కటీ అనవసరం కాదు. ఆ విషయం నాకప్పుడే తెలుసు. కానీ ఎదుటివాడు నాలుగు చెప్తే అందులో మూడు కొట్టెయ్యకపోతే నాకు అన్నం సహించదు.

"కన్నాలు మా ఆయన మూసుకుంటారు. కడగడం నాను కడుక్కుంటాను. మల్లీ వచ్చి సూడ్డానికి నాకు కల్లు లేవేటి? బోన్లెట్టి, పట్టి, ఎక్కడో వదిలేసి, ఇదంతా ఎన్నాళ్ళ పని. మందు బిళ్ళలెట్టీసి ఎల్లిపో."

"మందు తిన్నవి ఇంట్లోనే సత్తే?"

"బయటికెల్లి సత్తాయంట కదా."

"అలగని సెప్పే పెడతానక్కా. వింటాయో లేదో వాటిష్టం."

నాకూ నవ్వొచ్చింది. కానీ బేరంలో నవ్వితే ఓడిపోయినట్టే కాబట్టి నవ్వలేదు. పాప సంగతి అతనికి చెప్పలేదు. ఇది మరిచిపోవడం కాదు. మా ఇళ్ళలో పిల్లలకి లెక్కల కన్నా ముందు నేర్పే పాఠం: నీ అవసరం అమ్మేవాడికి కనబడనివ్వకు. పెళ్ళి చీర కొనడానికి వెళ్ళి కూడా "ఊరికే చూద్దామని వచ్చాం" అంటాం. నెలలు నిండని పసిగుడ్డు వస్తోందంటే రేటు పెంచేస్తాడని భయపడి, ఏదో ఇల్లాలి చాదస్తం అన్నట్టు ముఖం పెట్టుకుని నిలబడ్డాను. అతను బిళ్ళలు పెట్టి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అన్నాడు.

"ఒక్క మాటక్కా. పొడి సీపురు మాత్తరం ఎట్టకండి. తడిపి తియ్యండి. ఆ దుమ్ము మంచిది కాదు."

"ఈ మాటకి వేరే తీసుకుంటావేటి?" అన్నాను.

అతను నవ్వేసి వెళ్ళిపోయాడు. బేరం గెలిచిన మనిషిలా క్యారేజీ పట్టుకుని బస్సెక్కాను. కిటికీ దగ్గర సీటు కూడా దొరికింది.

శనివారానికి పెంటికలు తగ్గాయి. ఆదివారం అసలు లేవు. చూశావా అని నాకు నేనే చెప్పుకున్నాను. సోమవారం మధ్యాహ్నం తాళం తీసేసరికి వాసన.

ఎలా చెప్పాలి? మా కొట్టులో ఒకసారి బంగాళాదుంపల బస్తా అడుగున కుళ్ళింది. అలాంటిదే, కాస్త తియ్యగా, గొంతులో కూర్చునే రకం. ఫ్యాను వేస్తే పెరుగుతోంది. కిటికీలు తీస్తే పోర్టు వైపు నుంచో ప్లాంటు వైపు నుంచో మసి లోపలికి వస్తోంది కానీ వాసన బయటికి పోవడం లేదు. వాసన అటక వైపు నుంచి అనిపించింది. శుక్రవారానికి నాలుగు రోజులు. నాకు కంగారు పుట్టింది. కంగారులో చేతికి అందింది చీపురే. స్టూలెక్కి, కొంగు నడుముకి చుట్టి, అటక ఈ చివర నుంచి ఆ చివరికి బరబరా ఊడ్చేశాను. పొద్దున్నే కొట్టు తలుపులు తీసి మా నాన్న అలాగే ఊడ్చేవాడు, బస్తాల సందుల్లో, పెంటికలతో సహా, లక్ష్మి రావాలని. దుమ్ము ఇంత మబ్బై నా ముఖం మీదకి దిగింది. దగ్గొచ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ ఊడ్చాను. అప్పుడు చీపురు రేకు పెట్టెకి తగిలింది.

ఆ పెట్టె గురించి చెప్పాలి.

పుట్టిన బిడ్డకి మనం కొత్తగుడ్డ వెయ్యం. కట్టి కట్టి, ఉతికి ఉతికి వెన్నలా అయిన పెద్దవాళ్ళ నూలు చీర చింపి పొత్తిగుడ్డలు చేస్తాం. మా అమ్మ పోయే ముందు ఏడాది తన నూలు చీరలు ఆరు ఏరి, మడతల్లో వేపాకు పెట్టి నాకిచ్చింది. "నీ కూతురు కన్నప్పుడు నానుండను. ఇయ్యుంటాయి" అంది. మా అమ్మ కొట్టువాళ్ళింటి కోడలు. ఎవరికీ ఏదీ ఊరికే ఇచ్చిన మనిషి కాదు, కొత్తిమీర కట్ట ఇచ్చినా గిన్నె వెనక్కి వచ్చేటప్పుడు అందులో ఏముందా అని చూసేది. ఆ ఆరు చీరలకి మాత్రం ఏమీ అడగలేదు. నేను వాటిని రేకు పెట్టెలో పెట్టి అటకెక్కించాను. ఏటా దించి ఎండబెట్టాలనుకునేదాన్ని. సముద్రపు గాలికి పెట్టె అడుగు మూల తుప్పుపట్టి రూపాయి బిళ్ళంత కన్నం పడిందని ఆ రోజే చూశాను.

మూత తీశాను. పైన మడత బాగానే ఉంది. దాని కింద చీర చీరగా లేదు. పోగులు పోగులుగా కొరికి, గుండ్రంగా గిన్నెలా చేసి ఉంది. ఆ గిన్నెలో అయిదు పిల్లలు. వేలి కణుపంత, గులాబీ రంగు, కళ్ళు తెరవనివి. నాలుగు కదలడం లేదు. ఒకటి కదులుతోంది.

కింద అలమరలో కొత్త దుప్పట్లున్నాయి, ప్యాకెట్టు విప్పని తువ్వాళ్ళున్నాయి. వాటి జోలికి పోలేదు. ఇల్లంతా వెతికి అన్నిటికన్నా పాతదీ మెత్తనిదీ ఏరుకుంది. ఆ ఎలకకీ పద్ధతి తెలుసు.

నేను స్టూలు మీద నుంచి దిగలేదు. మూత పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా ఆయన పొద్దుటి షిఫ్టు దిగి మూడింటికి వచ్చి చూసేసరికి అదే భంగిమ.

"ఏంటే, బొమ్మలా నిలబడ్డావు?" అంటూ తనూ ఎక్కి చూశాడు.  పిల్లలున్న గుడ్డని రేకు డబ్బాలోకి తీసి బయటికి పట్టుకెళ్ళాడు. చాలాసేపటికి వచ్చాడు.  పెరట్లో కుళాయి కింద చేతులు కడుగుతూనే ఉన్నాడు.

తర్వాత చీపురు చూశాడు.

"పొడిగా ఊడ్చావా?"

"ఊడ్సీసాను."

"నీ తెలివి తగలెయ్య! మా ప్లాంటులో ఒకాయనకి ఎలక జ్వరం వచ్చి నెల్లాళ్ళు మంచం మీద ఉన్నాడు. ఎలక్కంపంతా ముక్కులోకి పీల్చుకుని, రేపు ఆ పసిదాని దగ్గరికెళ్తావా?"

ఎలక జ్వరం గురించి నాకు తెలిసింది ఆ ఒక్క మాటే. అది దుమ్ముతో వస్తుందో, నీళ్ళతో వస్తుందో, రేపొస్తుందో, పది రోజులకొస్తుందో తెలియదు. తెలియకపోవడంతో పది రకాల జ్వరాలు ఒకేసారి వచ్చినట్టయింది. మర్నాడు బస్సులో నా నుదుటి మీద నేనే చెయ్యి పెట్టుకుని చూసుకుంటున్నాను. చెయ్యి వేడో నుదురు వేడో తేలదు. పక్క సీటావిడ చూపు పక్కకి తిప్పుకుంది, కష్టాల్లో ఉన్నాననుకుని ఉంటుంది.

వార్డులో నర్సమ్మ అప్పుడే పాపని అద్దాల పెట్టెలోంచి తీసింది. రోజూ కాసేపు మనిషి వంటి వెచ్చదనం తగలాలని అమ్మాయి గుండెల మీదో, నా గుండెల మీదో పడుకోబెట్టేవారు. నా వంతు కోసం పొద్దున్నుంచీ చూసేదాన్ని. ఆ రోజు గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"రామ్మా, ఎత్తుకోవేటి?" అంది మా అమ్మాయి.

"వద్దులే, సెమటగా ఉన్నాను."

"కడుక్కునిరా. పాప నీ కోసమే సూస్తంది."

"రేపెత్తుకుంటాను."

ఆ పిల్ల నా ముఖం వైపు చూసింది. ఏదో దాస్తున్నానని తెలుసు, ఏమిటో తెలియదు. నా పెంపకమే కదా, అడగలేదు. క్యారేజీ బల్ల మీద పెట్టి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే దగ్గొచ్చింది. ఒక్క దగ్గే. దాన్ని కూర్మన్నపాలెం దాకా మోసుకొచ్చాను.

బుధవారం మా ఆయన సెలవు పెట్టి పని తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ మనిషి ఇంట్లో మంచినీళ్ళు కూడా అడిగి తాగుతాడు, ప్లాంటు పద్ధతి మొదలైతే మాత్రం వేరే మనిషి. నాకు ముక్కుకి గుడ్డ, చేతులకి రబ్బరు తొడుగులు, నెత్తి మీద తన హెల్మెట్టు.

"అటక తుడవడానికి హెల్మెట్టెందుకండీ?"

"ముందు పెట్టు. తర్వాత అడుగు."

కిటికీలూ తలుపులూ తీసి గంటసేపు బయట కూర్చోబెట్టాడు. బకెట్లో బ్లీచింగ్ పౌడర్ కలిపి, పెంటికలున్న ప్రతి చోటా తడిపించాడు. తడిపిన వెంటనే తుడవబోతే చెయ్యి పట్టుకున్నాడు. "నాననివ్వు. నీకన్నింటికీ తొందరే." నానాక తడిగుడ్డతో తీసి, సంచిలో వేసి, మూతి కట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో వేయించాడు. బియ్యం డబ్బా కడిగాం, గరిటెలు కడిగాం, పోపుల పెట్టె కడిగాం, గ్యాసు పొయ్యి తిరగేసి కడిగాం. సింకు గొట్టం చుట్టూ కన్నంలో గిన్నెలు తోమే స్టీలు పీచు కూరి దాని మీద సిమెంటు మెత్తాడు. వాసన మాత్రం అలాగే ఉంది. సాయంత్రం అటక చివర, చుట్టి పెట్టిన పెళ్ళిచాప దించుతుంటే అందులోంచి తల్లి ఎలక జారి పడింది. పిల్లల పెట్టెకి జానెడు దూరంలో. బయటికెళ్ళి చావలేదు.

చాపనీ పారేశాం. ఇక మిగిలింది పెట్టె.

ఆరు చీరల్లో రెండు పోగులైపోయాయి. ఒకటి సగం. మూడు బాగానే ఉన్నాయి. బాగానే అంటే కొరకలేదు. మరకలున్నాయి, ఎలక ఉచ్చ వాసన ఉంది.

"పడెయ్" అన్నాడాయన.

"ఉడకబెడతాను."

"పడెయ్యవే."

"అమ్మవి" అన్నాను.  బేరంలో ఎదుటివాడి దగ్గర జవాబు లేని మాట ఎప్పుడు వాడాలో నాకు తెలుసు.

గురువారం పెద్ద డేగిసాలో ఆ మూడు చీరలూ కుతకుతా ఉడికించాను. బ్లీచింగ్ నీళ్ళలో ముంచాను. మళ్ళీ ఉడికించాను. మేడ మీద ఎర్రటెండలో, మసి పడకుండా పైన ఇంకో గుడ్డ పరిచి ఎండబెట్టాను. చింపి మడతలు పెట్టేసరికి మల్లెపూలలా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఎండ వాసన తప్ప ఏమీ లేదు. అయినా రెండోసారి చూశాను. మూడోసారి చూశాను. సరుకు మీద నమ్మకం ఉన్నవాళ్ళు మూడుసార్లు వాసన చూడరు.

మూడోసారే మా నాన్న గుర్తొచ్చాడు. కొట్టులో ఎలక బియ్యం బస్తా కొరికితే, పైన నాలుగు దోసిళ్ళు తీసి పారేసి, మిగతాది చేటతో చెరిగి, మేడ మీద ఎండబోసి, మళ్ళీ బస్తాకెత్తేవాడు. "ఏటవద్ది? ఉడికినాక అన్నమే" అనేవాడు. అమ్మేవాడు కూడా. నేను కూడా తూచి ఇచ్చాను. కానీ సాయంత్రం ఇంటికి బియ్యం పంపేటప్పుడు పక్క బస్తా మూతి విప్పేవాడు. ఎలక కొరికిన బస్తాలోంచి మా ఇంటికి ఒక్క గిద్దెడు రాలేదు. ఆ విషయం నేను చిన్నప్పుడే చూశాను. ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు.

అది గుర్తొచ్చినా గుడ్డలు సంచిలో సర్దాను.

శుక్రవారం పొద్దున్న మా ఆయనా నేనూ ఆసుపత్రికి వెళ్ళేసరికి మా అమ్మాయి తలదువ్వుకుని, సామాన్లు సర్దుకుని, మంచం అంచున కూర్చుని ఉంది. నెల రోజుల్లో ఆ పిల్ల ముఖంలో వెలుతురు చూడడం అదే మొదలు. నర్సమ్మ పాపని ఎత్తుకుని వచ్చింది.

"బేగి ఇయ్యండమ్మా, పొత్తిగుడ్డలు. గుంట సలికి వొణికిపోతంది."

సంచిలోంచి తీశాను. నర్సమ్మ చేత్తో తడిమి, "అబ్బ, ఎంత తెల్లగా ఉతికారో!" అంది.

"అమ్మమ్మ చీరలా?" అంటూ మా అమ్మాయి ఒక మడత లాక్కుని చెంపకి ఆనించుకుంది. కళ్ళు మూసుకుంది. "ఎంత మెత్తగున్నాయమ్మా."

నర్సమ్మ ఒక మడత విప్పి పాప మీదకి తెస్తోంది. నాకు రెండు బస్తాలు కనబడ్డాయి. నా చెయ్యి ఎప్పుడు లేచిందో తెలియదు, ఆ గుడ్డ నర్సమ్మ చేతిలోంచి లాగేశాను.

"ఎయ్యకండి. అందులో ఎలకలు పిల్లలెట్టాయి."

వార్డంతా వినబడేలా అన్నానట. మా ఆయన తర్వాత చెప్పాడు. పక్క మంచం మీద బాలింత పాలిస్తూ ఆగిపోయింది. మా అమ్మాయి చెంప దగ్గరి గుడ్డని కిందపడేసి, ముఖం తుడుచుకుని, "ఏటంటన్నావమ్మా?" అంది. అప్పటికే డాక్టరమ్మ గుమ్మంలో ఉంది.

"ఎలకలు లేవన్నారు కదమ్మా మీరు?"

"ఉన్నాయండి. ఆరోజూ ఉన్నాయి."

ఇక ఆగలేదు. పెంటికలు, మందు బిళ్ళలు, అతను చెప్పిన పనులు నేను కొట్టేయడం, పొడి చీపురు, చాపలో తల్లి, బ్లీచింగ్, సిమెంటు, అన్నీ చెప్పాను. బిల్లు చదివినట్టు వరసగా, ఈసారి ఏదీ తగ్గించకుండా. నాకు జ్వరముందేమో చూడమని కూడా అడిగాను. డాక్టరమ్మ చూసింది. లేదంది. ఇంకో రెండు మూడు వారాల్లో ఎప్పుడు వచ్చినా వెంటనే రమ్మంది, అప్పటివరకూ పాపని ఎత్తుకునేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమంది.

తర్వాత, "కడగడం మంచి పద్ధతిలోనే కడిగారు. కానీ ఇంకా తిరుగుతున్నాయో లేదో మీకు తెలియదు. ఇంకో రెండు రోజులు ఇక్కడే ఉంచుదాం" అంది.

మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సర్దిన సంచి వైపు చూసింది. "నువ్వూ నీ కొట్టు తెలివీనమ్మా!" అంది. నేను పడాల్సిన మాటే.

నేను నోరు తెరిచాను. ఎవరైనా ఒక అంకె చెప్తే నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

"నాలుగుంచండి" అన్నాను.

మా ఆయన నా వైపు తిరిగి, "ఏంటే, వేలంలోలా పైకి పాడుతున్నావు?" అన్నాడు, ఇంత మెల్లగా. డాక్టరమ్మకి అర్థం కాలేదు. నాలుగు రోజులకి ఒప్పుకుంది.

గుడ్డల సంచి మూతి కట్టి, ఇంకో సంచిలో వేసి, మర్నాడు పొద్దున్న చెత్త బండిలో నా చేత్తోనే వేశాను. బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలో ఉన్నాను.

అంతకుముందు, శుక్రవారం సాయంత్రమే మందు అతన్ని మళ్ళీ పిలిచాను. గుమ్మంలోనే, అతను చెప్పులు విప్పకముందే చెప్పాను. "ఇంటికి పసిపాప వత్తాది. నెలలు నిండలేదు. నీకేది మంచిదనిపిత్తే అది సెయ్యి. నానేటీ మాటాడను."

అతను టార్చి ఆర్పేశాడు. "ఈ ముక్క ఆరోజే సెప్పుంటే మందెట్టకపోదును కదక్కా. పసిగుంట వచ్చే ఇంట్లో మందెవడైనా ఎడతాడా? బోన్లెట్టి, మూసీసి ఎల్దును." కోపంగానే అన్నాడు. మిగిలిన బిళ్ళలు ఏరి తీశాడు. మా ఆయన చూడని కన్నాలు రెండు చూపించాడు, ఒకటి మరుగుదొడ్డి గొట్టం పక్కన, ఒకటి తలుపు చట్రం వెనక. మూశాడు. బోన్లు పెట్టాడు. నిజంగానే నేనేమీ మాట్లాడలేదు. మధ్యలో ఒకసారి సిమెంటు ఎక్కువ వాడుతున్నాడేమో అనిపించింది, వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

ఎలకలు ఇంకా తిరుగుతున్నాయో లేదో తెలుసుకునే పద్ధతి మాత్రం మా కొట్టుది. కొట్టు కట్టేసే ముందు మా నాన్న బస్తాల చుట్టూ ముగ్గుపిండి పల్చగా జల్లేవాడు. పొద్దున్న తలుపు తీయగానే, దీపం కన్నా ముందు, వంగి దాన్ని చూసేవాడు. ఎలక నడిస్తే చిన్న చిన్న వేళ్ళూ, మధ్యలో తోక గీసిన గీతా పడతాయి. నేనూ వంటిల్లు, గుమ్మాలు, అటక, ఉయ్యాల కట్టబోయే చోటు, అన్నిటా జల్లాను.

శనివారం పొద్దున్న సింకు కింద గీత ఉంది. బోనులో ఒకటి ఉంది. ఆదివారం పొద్దున్న ఏమీ లేదు.  సోమవారం లేదు. మంగళవారం మోకాళ్ళ మీద వంగి, కళ్ళజోడు పెట్టుకుని, చెంప నేలకి ఆనించి చూశాను. పిండి పోసినట్టే ఉంది. పొడి చీపురు ముట్టుకోకుండా తడిగుడ్డతో తుడిచి, స్నానం చేసి బస్సెక్కాను.

పొత్తిగుడ్డల మాట ఎవరూ ఎత్తలేదు. నర్సమ్మే మా అమ్మాయి నైటీ ఒకటి తీసుకుంది. మోస్తున్నన్ని నెలలూ తొడిగి, ఉతికి, రంగు వెలిసి, మోచేతుల దగ్గర చిరిగినది. కత్తెరతో చర్రున కోసింది.

"నైటీ పొత్తిల్లేటమ్మా" అన్నాను ఉండబట్టలేక.

"ఎలకల్లేవు కదా, అది సాలు" అంది నర్సమ్మ. మా అమ్మాయి ఆ నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వింది. నా వైపు చూసి కాదు, కానీ నవ్వింది.

పాప ఇంటికొచ్చి ఇవాళ్టికి పన్నెండో రోజు. ముక్కుకి గుడ్డ కట్టుకునే ఎత్తుకుంటున్నాను. జ్వరం రాలేదు. రోజుకి ఎన్నిసార్లు చెయ్యి నుదుటి మీద పెట్టుకుంటానో లెక్కలేదు. ఆ పిల్ల తుమ్మితే లేస్తాను, తుమ్మకపోతే ఊపిరి చూస్తాను. మధ్యాహ్నం ఇల్లంతా సద్దుమణిగితే అటక కింద నిలబడి వింటాను. సాయంత్రం కాగానే ఉయ్యాల చుట్టూ, గుమ్మాల దగ్గర, సింకు కింద ముగ్గుపిండి జల్లుతూనే ఉన్నాను.

నిన్న సాయంత్రం పై వాటావిడ పాపని చూడ్డానికి వచ్చి గుమ్మంలో ఆగింది. నేల మీద తెల్లగా కనబడేసరికి కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఏటి వదినా, ఇంట్లో ఎలకలున్నాయేటి?"

నాలిక చివరిదాకా వచ్చిన మాటని వెనక్కి మింగాను.

"ఉండేవి. ఇప్పుడు లేవనుకుంటన్నాను. రేపు పొద్దున్న పిండి సూసి సెప్తాను" అన్నాను.